పొడుగత్త మంచం

సీసాల ఫ్యాక్టరీ వెనక వీధిలో ఆడవాళ్లు పొద్దున లేవగానే మంచానికీ గోడకీ మధ్య చెయ్యి పెట్టి చూసేవారు. అరచెయ్యి పట్టిందా, వేళ్లు మాత్రమే పట్టాయా, గోరు కూడా దూరడం లేదా అని చూసుకుని, ఆ తర్వాతే ముఖం కడుక్కుని పొయ్యి వెలిగించేవారు. కుళాయి తిప్పి నీళ్లు వచ్చాయో లేదో చూసుకున్నంత మామూలుగా ఈ పని సాగేది.

ఆ వీధిలో ఇల్లు జీతాన్ని బట్టి ఉంటుంది. ఇంట్లోకి వచ్చే జీతం బజారులో ఎంత కొనగలదో గది అంత ఉంటుంది. సరుకుల ధరలు పెరిగితే వెనక గోడ ముందుకు జరుగుతుంది. జీతం పెరిగితే వెనక్కి పోతుంది. ఉతికిన కొత్త బట్ట కుంచించుకుపోతే ఎవరూ నోరు తెరిచి చూడరు కదా, ఆ వీధి వాళ్లు గోడల్నీ అలాగే చూసేవారు. మేనేజరు గారిది పక్క వీధి. ఆయన ఇంటి వసారా ఏటేటా పెరిగి పెరిగి, వంటింట్లోంచి భార్య పంపిన టీ ఆయన కుర్చీ దగ్గరకు చేరేసరికి చల్లారిపోయేది. ఎవరి కష్టం వాళ్లది.

కార్మికుల గోడలకు ఒక దుర్గుణం ఉండేది. ఏడాదికోసారి జీతం పెంచిన రోజు గోడ రెండు వేళ్లు వెనక్కి పోయేది. పోయేటప్పుడు గరగరమని వీధంతా వినపడేది. మిగతా ఏడాదంతా నాలుగు వేళ్లు ముందుకు వచ్చేది. వచ్చేటప్పుడు మాత్రం పిల్లి నడిచినట్టు వచ్చేది. చప్పుడు చేసినదాన్ని మనిషి గుర్తు పెట్టుకుంటాడు, చప్పుడు చెయ్యని దానితో సర్దుకుపోతాడు. సర్దుకుపోవడం మంచి గుణమే. కానీ దొంగకు దీపం పట్టుకునే మంచి గుణాలు కొన్ని ఉన్నాయి. ఇది వాటిలో ఒకటి.

జీతాలు పెంచే రోజుకి ఆ వీధిలో ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే అందరూ మంచాలు, బల్లలు, పెట్టెలు వీధిలోకి మోసేవారు. ఆ ఏడు వంతు వచ్చిన ఇంటికి మేనేజరు టేపు పట్టుకుని వచ్చి ఖాళీ గదిని కొలిచేవాడు. ఇంటి వాళ్ల చేతిలో కొత్త జీతం కవరు పెట్టేవాడు. గోడ గరగరమని జరిగేది. మళ్లీ కొలిచి, "రెండు వేళ్లు పెరిగింది!" అని గట్టిగా చెప్పేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవారు. ఆయన వెళ్లిపోయాక సామాను లోపలికి మోసేవారు. అప్పుడు చూస్తే, పోయినేడు పట్టిన సామాను ఈ ఏడు పట్టేది కాదు.

పట్టకపోతే రంపం మామ ఉన్నాడు. ఆయన ఫ్యాక్టరీలో సీసాలు పెట్టే చెక్కపెట్టెలు చేసే వడ్రంగి. జీతాల రోజు సాయంత్రం రంపం భుజాన వేసుకుని ఇంటింటికీ వచ్చి మంచం కాళ్ల వైపు కాస్త, బల్ల చివర కాస్త కోసి, ఊడిన కాళ్లు మళ్లీ బిగించి ఇచ్చేవాడు. కోసిన ముక్కలు ఇంటివాళ్లకే వదిలేసేవాడు. కూలి తీసుకునేవాడు కాదు.

"మంచం పొట్టిదైతే నిద్ర పొట్టిదవుతుందా అమ్మా?" అని నవ్వించేవాడు. వాళ్లు ఆయనకు దండం పెట్టి, రాత్రికి మోకాళ్లు ముడుచుకుని పడుకునేవారు. పాపం, ఆయనదీ మంచి మనసే. వీధంతా మంచి మనసులే. అందుకే నిజం తెలియడానికి అన్నేళ్లు పట్టింది.

రంపం తగలని మంచం ఆ వీధి మొత్తానికి ఒక్కటే మిగిలింది. అది పొడుగత్తది.

వరసలో చివరి ఇల్లు ఆమెది. ఆమె తల గుమ్మానికి తగిలేది, నాలుక వీధిలో ప్రతివాళ్లకీ తగిలేది. వయసులో ఉన్నప్పుడు ఫ్యాక్టరీలో సీసాలు చూసే పని చేసింది. తెల్లటి వెలుగు పలక ముందు ఒక ఎత్తు పీట ఉంటుంది. ఆ పీట మీద కూర్చుంటే సీసాలు వరసగా కదిలి వస్తాయి. బుడగ ఉన్న సీసాని, వెంట్రుకంత చీలిక ఉన్న సీసాని చేత్తో తీసి పక్కన పడెయ్యాలి. కళ్లు అలిసే దాకా ఆమె ఆ పని చేసింది. ఆమె దిగిన పీట మీదే ఇప్పుడు ఆమె కోడలు కూర్చుంటోంది.

కోడలు ఆ ఇంటికి వచ్చిన కొత్తలో గాజుకీ నీళ్లకీ తేడా తెలియని పిల్ల. పొడుగత్తే సీసా చేతికిచ్చి, వెలుగుకి ఎదురుగా పట్టించి, "కన్ను సీసా మీద పెట్టకు, సీసాలోంచి పెట్టు" అని నేర్పింది. తిట్టింది, నెత్తిన మొట్టింది, మొదటి జీతం తెచ్చిన రోజున పక్కన కూర్చోబెట్టుకుని తినిపించింది. కన్నతల్లి లేని ఆ కోడలికి అంతకన్నా తల్లి లేదు. ఆ మాట ఇద్దరూ ఎప్పుడూ అనుకోలేదు. పోట్లాడుకోవడంలోనే అంతా అయిపోయేది.

మంచం సంగతికి వద్దాం. పెళ్లయిన కొత్తలో భార్య కాళ్లు మంచం దాటి వేలాడుతున్నాయని పొడుగత్త మొగుడు దాన్ని ఆమె పొడుగుకి సరిపడా చేయించాడు. అప్పట్లో ఆ మంచం వేశాక కూడా గదిలో నలుగురు కూర్చుని భోంచేసేవారు. తర్వాత ఆయన పోయాడు. గోడ వచ్చింది. మంచాన్ని మొదట మూలకి వాలుగా వేశారు. తర్వాత పెట్టెలన్నీ దాని కిందికి తోశారు. కొడుకూ కోడలూ దాని పక్కన మిగిలిన సందులో చాప వేసుకున్నారు. ఈ ఏడు వర్షాలు వెలిసేసరికి తలవైపు వెనక గోడకి తగిలి, కాళ్లవైపు గుమ్మం దాటి వీధిలోకి వచ్చేసింది. తలుపు మూయడానికి లేదు. పరదా కట్టారు. వీధి కుక్క ఒకటి పొద్దున్నే వచ్చి పరదా కింద పొడుగత్త బొటనవేలు వాసన చూసి, బాగానే ఉందని రూఢి చేసుకుని వెళ్లేది.

కొడుకు గాజు కరిగించే ఫర్నేసు దగ్గర పని చేసేవాడు. దేనికైనా "సర్దుకుందాం" అనడం అతని అలవాటు. వీధిలో అతని పేరే సర్దుబాటు అయిపోయింది.

"ఒక్క మూర కోయిద్దామే అమ్మా. సర్దుకుందాం," అన్నాడు ఒక సాయంత్రం.

"మనిషికి తగ్గ మంచం చేస్తార్రా. మంచానికి తగ్గ మనిషిని చెయ్యరు," అంది పొడుగత్త. "నేను వృద్ధాశ్రమం వాళ్లతో మాట్లాడాను. అక్కడ గదులు పొడుగ్గా ఉన్నాయట, నా మంచం పడుతుందట. వచ్చే నెల మొదటి తేదీకి వ్యాను పంపుతామన్నారు. ఆలోగా జీతాల రోజు ఎలాగూ వస్తుంది. నా మంచం గుమ్మం లోపల పట్టి తలుపు పడితే ఉంటాను. పట్టకపోతే పోతాను."

కోడలు చేతిలో గిన్నె అక్కడే దించేసింది. "ఎక్కడికి పోయేది? మీరు పోతే నేనెవరితో పోట్లాడాలి?"

"మొగుడున్నాడుగా."

"ఆయనతో పోట్లాడితే గోడతో పోట్లాడినట్టే. గోడే నయం, కదులుతుంది."

సర్దుబాటు నవ్వబోయి, నవ్వొచ్చో లేదో తేలక ఊరుకున్నాడు.

"హాస్యం కాదమ్మాయ్," అంది పొడుగత్త. "మీరిద్దరూ ఆ సందులో ఒకరి మీద ఒకరు వాలి పడుకుంటుంటే చూస్తున్నా. నేను పోతే మంచం పోతుంది. మంచం పోతే మీకు చోటు. మాటంటే మాటే."

పొడుగత్త ఇచ్చిన మాట మీద నిలబడే మనిషి. అది తెలుసు కాబట్టే కోడలికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు ఫ్యాక్టరీలో తిండి గంట కొట్టాక ఆడవాళ్లందరూ పెట్టెల గది నీడలో కూర్చున్నారు. కోడలు సంగతి చెప్పింది.

"ఏడాదికి రెండు వేళ్లు పెరుగుతోందిగా, కొన్నాళ్లకి పడుతుందిలే," అంది ఒకామె.

"పెరుగుతూనే ఉంటే మీ మంచం ఎందుకు కోయించావ్ వదినా?" అంది కోడలు.

"పట్టక."

"పెరిగిన గదిలో పట్టకపోవడమేంటి?"

ఆమె ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. "నిజమే. మా అమ్మ ఇంత జీతం కళ్ల చూడలేదు. కానీ మా అమ్మ కాళ్లు చాపుకుని పడుకునేది."

"మేం రొయ్యల్లా పడుకుంటున్నాం," అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. నవ్వు సగంలో ఆగిపోయింది.

"మా అత్తయ్య ఒక్క వరస సీసాలు చూసేది," అంది కోడలు. "నా ముందు నుంచి ఇప్పుడు రెండు వరసలు పోతున్నాయి. పని రెట్టింపయ్యింది, గది సగమయ్యింది. ఇందులో చీలిక ఎక్కడుందో నాకు ఇన్నాళ్లూ కనపడలేదు చూడండి. కొలిచే రోజున మనమే సామాను బయట పెడుతున్నాం. పట్టేదీ పట్టనిదీ కొలిచే ఆయనకి కనపడకుండా మనమే దాస్తున్నాం."

ఆ ఏడు కొలిచే వంతు చివరి ఇంటిదే.

జీతాల రోజు పొద్దున వీధంతా మంచాలతో నిండిపోయింది. మేనేజరు టేపు పట్టుకుని, వెనక ఇద్దరు గుమాస్తాలతో వచ్చాడు. చివరి ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. పరదా కింద నుంచి రెండు పాదాలు బయటికి ఉన్నాయి.

"ఏంటిది?"

"కాళ్లు," అంది లోపల్నుంచి పొడుగత్త.

"మంచం బయట పెట్టలేదేం? పద్ధతి తెలియదా?"

కోడలు పరదా పక్కకి లాగింది. "తెలుసండీ. ఖాళీ గది కొలిస్తే గోడ ఎక్కడుందో తెలుస్తుంది. మనుషులుండగా కొలిస్తే చోటెంతుందో తెలుస్తుంది. ఈసారి చోటు కొలవండి."

మేనేజరు గుమాస్తాల వంక చూశాడు. వాళ్లు టేపు వంక చూశారు. చివరికి ఆయన మంచం పక్కనున్న సందులోంచి ఒళ్లు కుదించుకుంటూ లోపలికి వెళ్లి కొలిచాడు. కవరు కోడలి చేతిలో పెట్టాడు. గోడ గరగరమని వెనక్కి పోయింది.

"రెండు వేళ్లు పెరిగింది!"

బయట అలవాటు కొద్దీ చప్పట్లు మొదలయ్యాయి. సర్దుబాటు మంచాన్ని గోడ దాకా వెనక్కి నెట్టాడు. పొడుగత్త పాదాల వేపు చూసిన వాళ్ల చప్పట్లు వాటంతటవే ఆగిపోయాయి.

"బాబూ, రెండు వేళ్లు నిజంగానే లోపలికొచ్చాయి," అంది పొడుగత్త. "మిగతా కాలు వీధిలోనే ఉంది."

మేనేజరుకి కోపం వచ్చింది. ఆయన అబద్ధాలకోరు కాడు. ఆ సంగతి ఆయనకి తెలుసు కాబట్టి కోపం ఇంకా ఎక్కువైంది. "పదేళ్ల కింద మీ జీతమెంత, ఇప్పుడెంత? రెండింతలు దాటిందా లేదా?"

"దాటింది," అంది కోడలు.

"మీ అత్త పనిచేసే రోజుల్లో ఇంట్లో టీవీ ఉందా? ఫోనుందా? ఆ గోడ గూడు చూడు, ఎంత పెద్దదైందో!"

అదీ నిజమే. టీవీలూ ఫోనులూ చవకైనప్పటి నుంచి ప్రతి ఇంట్లోనూ వాటిని పెట్టే గూడు మాత్రం వెడల్పవుతూ వచ్చింది. అందరూ ఒకసారి గూడు వేపు చూశారు.

"పెరిగింది బాబూ, కాదన్నానా?" అంది పొడుగత్త. "గూట్లో పడుకోడానికి నేనేమైనా పావురాన్నా?"

వీధి గొల్లుమంది. గుమాస్తాల్లో ఒకడు కూడా నవ్వి, మేనేజరు చూశాడేమోనని దగ్గాడు.

అప్పుడే రంపం మామ గుంపుని తోసుకుంటూ వచ్చాడు. "జరగండి జరగండి. గొడవెందుకు? ఒక్క మూర. కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది."

"మామా, మీ మంచం ఎక్కడుంది?" అని అడిగింది కోడలు.

"అదిగో, వీధిలో."

"ఒక్కసారి దాని మీద పడుకోండి."

"పట్టపగలు పడుకోమంటావేంటమ్మా?"

"పడుకోండి మామా. మీరు చేసిన మంచమే కదా."

రంపం మామ నవ్వుతూ వెళ్లి పడుకున్నాడు. మోకాళ్లు గడ్డానికి వచ్చాయి. నీరెండలో, అంతమంది ముందు, నెరిసిన జుట్టు మనిషి పొట్టలో పిల్లాడిలా ముడుచుకుని ఉన్నాడు. ఆయన నవ్వు పోయింది. చాలాసేపు లేవలేదు. లేచాక రంపాన్ని గోడకి ఆనించి, వీధి వేపు తిరిగి, "కోసిన ముక్కలు ఎవరింట్లో ఉంటే వాళ్లు తెండి," అన్నాడు.

ముక్కలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. తలుపు కింద అడ్డుగా ఒకటి, పొయ్యి కింద ఎత్తుగా ఒకటి, పిల్లలు బంతి కొట్టడానికి ఒకటి. ఎవరూ పారెయ్యలేదు. ఒక్కొక్కరే తెచ్చి ఎవరి మంచం చివర వాళ్లు పేర్చారు. వీధిలో మంచాలన్నీ పొడుగయ్యాయి. ఎవరి ఇంటి ముందు వాళ్ల మంచం పెట్టి, గుమ్మంలోంచి గోడనీ, ఇవతల మంచాన్నీ మార్చి మార్చి చూసుకున్నారు. ఎంత పోయిందో అడిగి చెప్పించుకోవాల్సిన పని లేకుండా నేల మీద పడి ఉంది.

ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంత పడుకునేదాన్నా నేను?" అంది.

మేనేజరు గొంతు తగ్గించాడు. ఈ గుంపులో మెత్తటివాడెవడో ఆయనకి తెలుసు. "ఏమయ్యా సర్దుబాటూ, నువ్వు మంచివాడివి. పక్కింటి సామాను నువ్వు లోపలికి మోయి. నిన్ను చూసి మిగతా వాళ్లు మోస్తారు."

సర్దుబాటు తల్లి మంచం పట్టె మీద చెయ్యి వేశాడు. ఎప్పటిలాగే తల ఊపుతాడని అందరూ అనుకున్నారు. కోడలు కళ్లు దించేసుకుంది.

"మొయ్యనండి," అన్నాడతను.

ఆ మాట అతని నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు. అతనూ వినలేదు. ఎలా ఉందో చూద్దామన్నట్టు ఇంకోసారి అన్నాడు. "మొయ్యను. ఏ ఇంటి మంచం ఆ ఇంట్లో పూర్తిగా పట్టే దాకా మేం లోపల పెట్టం." అని తల్లి వేపు తిరిగాడు. "అమ్మా, గట్టిగా పట్టుకో."

ఫర్నేసు దగ్గర ఇనప బండ్లు తోసిన చేతులవి. తల్లితో సహా మంచాన్ని గుమ్మంలోంచి బయటికి లాగి, రంపం మామ ఒక పక్క పట్టుకోగా, వీధి మొదట్లో రోడ్డుకి అడ్డంగా దించాడు. పొడుగత్త మంచం ఈ గోడ నుంచి ఆ గోడకి సరిగ్గా సరిపోయింది. ఫ్యాక్టరీ నుంచి సీసాల లారీలు బయటికి పోవడానికి ఉన్న దారి అదొక్కటే.

"ఒరేయ్," అంది పొడుగత్త మంచం మీంచి, "నువ్వు నా కొడుకువేనన్నమాట."

పని మాత్రం ఎవరూ ఆపలేదు. పని ఎగ్గొట్టడం పొడుగత్తకి గిట్టదు. "తిన్న జీతానికి పని చెయ్యాలి. చేసిన పనికి జీతం తినాలి. రెండూ ధర్మమే," అనేది. గంట కొట్టగానే అందరూ ఫ్యాక్టరీకి పోయేవారు. ఎప్పటికన్నా బాగా చేసేవారు. సీసాలు గుట్టలుగా తయారయ్యేవి. పోవడానికి దారి లేక ముందు గోదాముల్లో నిండాయి, తర్వాత ఆవరణలో, తర్వాత మేనేజరు గదిలో. ఆయన కుర్చీ చుట్టూ సీసాలే. గట్టిగా తుమ్మడానికి కూడా భయపడేవాడు. దుకాణదారులు సరుకు రాలేదని ఫోనుల మీద ఫోనులు చేశారు. లారీ డ్రైవర్లు వీధిలోకి వచ్చి మంచాల మీద కూర్చుని టీ తాగి, తమ ఇంటి గోడల కబుర్లు చెప్పుకున్నారు.

చివరికి యజమాని వచ్చాడు. కారు వీధి చివరే ఆగిపోయింది. దిగి నడిచాడు. మంచాల మధ్య నుంచి నడవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. ఒక్కో మంచం దగ్గర ఒక్కో కుటుంబం లేచి నిలబడి నమస్కారం పెట్టింది. ఎవరూ కేకలు వెయ్యలేదు. ఆయన కేకలకు సిద్ధపడి వచ్చాడు, మర్యాదకు కాదు.

పొడుగత్త మంచం మీద లేచి కూర్చుని చోటిచ్చింది. "కూర్చోండి బాబూ. దీని మీద చోటుంది."

ఆయన కూర్చున్నాడు. "ధరలు నేను పెంచుతున్నానా అమ్మా? ధరలతో పాటు జీతాలు పెంచుతూ పోతే నా వ్యాపారం ఏమవ్వాలి?"

సమాధానం కోడలు చెప్పింది. "సీసా ధర మీరు ధరలతో పాటే పెంచుతున్నారు కదండీ. ఆ పద్ధతేదో బాగుంది. మాకూ పెట్టండి. బజారు ధర కదిలినప్పుడల్లా జీతం కదలాలి, ఏడాదికోసారి కాదు. ఇంకొకటి. అత్తయ్య చూసిన వరస ఒకటి. నేను చూస్తున్నవి రెండు. రెండో వరస ఫలం ఎక్కడికి పోయిందో మీకే తెలియాలి. మా ఇంట్లోకి మాత్రం రాలేదు. వస్తే గోడ చెప్పేది."

"రెండో వరస యంత్రం కొన్నది నేను."

"చూసే కళ్లు నావి. సగం సగం అనుకుందాం."

ఆయన కాగితం తెమ్మన్నాడు. మనసు కరిగిందో, ఆగిన లారీలు గుర్తొచ్చి గుండె కరిగిందో పైవాడికే తెలియాలి. న్యాయం ఏ తోవన వచ్చినా తలుపు తియ్యాలి, ఎందుకొచ్చావని అడగకూడదు. ఆ సాయంత్రం మంచం పట్టె మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు. ధర కదిలితే జీతం కదులుతుంది. రెండో వరసకి విడిగా కూలి. కొత్త జీతం మొదటి తేదీ నుంచి.

మొదటి తేదీ పొద్దున్నే, ఫ్యాక్టరీలో కవర్లు ఇవ్వడం మొదలవకముందే, ఆశ్రమం వ్యాను వచ్చేసింది.

పొడుగత్త అప్పటికే సంచీ సర్దుకుని ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉంది. డ్రైవరు సన్నటి మనిషి, బొత్తాలు వేరువేరు రంగుల్లో ఉన్న చొక్కా వేసుకున్నాడు. సర్దుబాటు అతనికి టీ ఇచ్చాడు. టీ అయిపోతే ఇంకో టీ ఇచ్చాడు.

"ఆలస్యమైతే నా జీతంలో కోస్తారన్నా," అన్నాడు డ్రైవరు.

"అమ్మా, ఇంకాసేపట్లో జీతం వచ్చేస్తుంది కదే!"

"నేనన్నది వ్యాను ఎక్కేలోగా మంచం పట్టాలని," అంది పొడుగత్త. సంచీ చేతిలోకి తీసుకుని నిలబడింది. మొహం గట్టిగానే ఉంది, కాళ్లు మాత్రం కదలడం లేదు. "మాట తప్పి ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో నాకు నిద్ర పట్టదురా. పట్టు, మంచం ఎక్కించు."

అప్పుడు వీధి మొదట్లోంచి కోడలు పరిగెత్తుకొచ్చింది. జుట్టు ముడి ఊడిపోయింది, ఒక చెప్పు లేదు. అత్తని గాని వ్యానుని గాని చూడలేదు. నేరుగా గుమ్మం దాటి లోపలికి దూకింది. చేతిలో కవరుంది.

గోడ మామూలుగా గరగరమనేది. ఈసారి రైలు స్టేషను వదిలినట్టు కదిలింది. ఒక అడుగు పోయి ఆగలేదు. పోతూనే ఉంది. వెనక మిగతా వాళ్లూ కవర్లతో ఇళ్లలోకి పరిగెత్తారు. వీధి పొడుగునా గోడలు ఒకదాని తర్వాత ఒకటి కదిలాయి. గిన్నెలు మోగాయి. పిల్లలు కొత్తగా వచ్చిన నేల మీదకు దూకి దొర్లారు.

చివరి ఇంట్లో వెనక గోడ అలా పోతూ పోతూ ఉండగా, పక్క గోడలో ఒక కిటికీ బయటపడింది. నీలం రంగు రెక్కల కిటికీ. వెనక గోడ ఎప్పుడో దాన్ని మింగేసింది. ఆ ఇంటికి కిటికీ ఉందని కోడలికి తెలియదు. సర్దుబాటుకి కూడా ఏదో చిన్నప్పటి కలలా గుర్తు. రెక్కలు తోసేసరికి ఎండా గాలీ కలిసి లోపలికి వచ్చి పడ్డాయి. కోడలు ఆ వెలుగులో కవరు పట్టుకుని అలాగే నిలబడిపోయింది, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా.

"మంచం ఇంకా వ్యానెక్కలేదు!" అని అరిచాడు రంపం మామ. "ఎక్కకముందే వచ్చింది జీతం! మాట చెల్లింది!"

నలుగురు కలిసి మంచం లోపలికి మోశారు. దాని చుట్టూ తిరగడానికి దారి మిగిలింది. పరదా పీకేసి సర్దుబాటు తలుపు వేశాడు. తలుపు పడింది. మళ్లీ తీశాడు, మళ్లీ వేశాడు. మూడోసారి వెయ్యబోతే కోడలు, "చాల్లెండి, ఊడిపోతుంది," అంది.

"కాసేపుండు నాయనా," అని డ్రైవరుకి చెప్పి, పొడుగత్త మంచమెక్కి, తల ఈ చివర, పాదాలు ఆ చివర పెట్టి, చేతులు చాపి పడుకుంది. కిటికీ గాలికి ఆమె వెంటనే నిద్రపోయింది. వీధి వీధంతా గొంతులు తగ్గించుకుంది.

ఆమె లేచేసరికి డ్రైవరు గుమ్మం దగ్గరే కూర్చుని ఉన్నాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నావేంటయ్యా? నేను రావట్లేదు. ఆ చోటు ఇంకెవరికైనా ఇవ్వమను."

"తెలుసు పెద్దమ్మా. దానికి కాదు." అతను టోపీ చేతుల్లో తిప్పుతూ లోపలి నేల వేపు, కిటికీ వేపు చూశాడు. "మా వీధిలోనూ గోడలు ముందుకే వస్తున్నాయి. మా పిల్లలు కూర్చుని నిద్రపోతున్నారు. మా దగ్గర మంచాలన్నీ ఎప్పుడో కోసేశారు. మీ మంచం ఓ వారం అరువిస్తారేమోనని..."

కోడలు అత్త మొహం చూసింది. ఆ మొహం ఆమెకి బాగా తెలుసు. సీసాలో చీలిక కనపడ్డప్పుడు అలా ఉండేది.

"ఒట్టి మంచం వస్తే ఏం లాభంరా పిచ్చోడా," అంది పొడుగత్త. "కొయ్యనివ్వని మనిషి కూడా దాని మీద ఉండాలి." సంచీ అందుకుంది. "ఎక్కించు."

"అత్తయ్యా! ఇప్పుడే కదండీ పట్టింది!"

"పట్టిందిగా. ఇక ఎక్కడికీ పోదు. తలుపేసుకుని మీరిద్దరూ హాయిగా పడుకోండి. ఇదిగో, కిటికీ రెక్కలకు నూనె రాయించు, కిర్రుమంటున్నాయి. రంపం మామా, నువ్వూ రా. అక్కడి ముక్కలు అతికించాలి. రంపం ఇక్కడే వదిలేసి సుత్తి పట్టుకురా."

వ్యానులో మంచం పూర్తిగా పట్టలేదు. వెనక తలుపు తెరిచి ఉంచి తాళ్లతో కట్టారు. సర్దుబాటు ముడులు బిగించి, పరిగెత్తి ముందు సీటెక్కాడు. మంచం దించడానికి మనిషి కావాలన్నాడు. వ్యాను వీధి దాటి పెద్ద రోడ్డు ఎక్కింది. మంచం మీద నిటారుగా కూర్చున్న పొడుగత్త, వెనక వచ్చే లారీ డ్రైవరుకి చెయ్యి ఊపి, దూరంగా ఉండమని సైగ చేసింది.